నాలుగో జవాబు

"ఇంకో మూడు నెలల్లో, సర్టిఫికెట్ లేని చెయ్యి ఏదీ ప్రభుత్వ కంప్యూటర్ మీద పడదు!" అని నైపుణ్యాల శాఖ మంత్రిగారు ప్రకటించగానే హాలు దద్దరిల్లిపోయింది. నేనూ చప్పట్లు కొట్టాను. ముందు వరసలో కూర్చున్న గుమస్తాని, కొట్టకపోతే కనిపించిపోతాను. టెక్నికల్ సపోర్టుకి ఒక పర్మనెంట్ పోస్టు ఇస్తున్నామనీ, దానికి ఏ పరీక్ష పెట్టాలో తేల్చడానికి ఏడుగురు మేధావులతో కమిటీ వేశామనీ కూడా వారు సెలవిచ్చారు. అంతలో మైకు మూగబోయింది. వెనకనించి ప్లగ్గమ్మ వంగుని వచ్చి, వైరు సరిచేసి, అలాగే వంగుని వెళ్ళిపోయింది.

మా ఆఫీసులో టెక్నికల్ సపోర్టు విభాగం అంటే ఆవిడే. మెట్ల కింద గది, ఒక టేబులు, ఒక ఫోను, ఒక స్క్రూడ్రైవర్ల డబ్బా. తొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మీద చేస్తోంది. ఎవరు ఫోన్ చేసినా "ముందు ప్లగ్గు పెట్టి ఉందో లేదో చూడండి సార్" అంటుంది. పదింట ఆరుసార్లు ఉండదు. ఆ పేరు అలా స్థిరపడింది. భర్త నడుం విరిగి మంచాన ఉన్నాడు, ఇద్దరు పిల్లలు. ఇల్లంతా ఈ ఉద్యోగం మీదే నడుస్తోంది.

"అన్నయ్యా, ఏ పరీక్ష పెడతారంటావ్? ఇప్పట్నించే చదువుకుంటాను" అని అడిగింది నన్ను.

కమిటీ మినిట్స్ రాసేది నేనే కాబట్టి, ఆ చర్చ ఎంత లోతుగా సాగిందో కళ్ళారా చూశాను.

"హార్డ్‌వేర్ పరీక్ష పుస్తకం ఎన్ని పేజీలు?" అని అడిగారు మంత్రిగారు.

"ఎనిమిది వందలండీ" అన్నారు కార్యదర్శిగారు.

"నెట్‌వర్క్ పరీక్షది?"

"ఆరు వందలు."

"హార్డ్‌వేరే పెట్టండి. ఈ ప్రభుత్వం రెండు వందల పేజీలు మింగేసిందన్న మాట రాకూడదు."

ఇంత దూరదృష్టి నేనెక్కడా చూడలేదు.

పోస్టుకి ఇద్దరే దరఖాస్తు పెట్టారు. ఒకరు ప్లగ్గమ్మ. రెండోవారు మంత్రిగారి బామ్మర్దిగారు. ఈయనకి కంప్యూటర్లతో పాత అనుబంధం ఉంది. వాళ్ళింట్లో ఒకటుంది.

ప్లగ్గమ్మకి తొంభై ఒకటి వచ్చాయి. బామ్మర్దిగారికి పదకొండు. మంత్రిగారు ఫలితాలు రెండుసార్లు చూసి, కళ్ళద్దాలు తీసి, బరువుగా నిట్టూర్చారు. "ఎనిమిది వందల పేజీలా! సామాన్యుడు ఎలా చదువుతాడయ్యా? ఇది పేదవాడికి వ్యతిరేకమైన పరీక్ష." అది రద్దయింది. నెట్‌వర్క్ పరీక్ష వచ్చింది.

ప్లగ్గమ్మ మళ్ళీ కూర్చుంది. పగలంతా టేబుళ్ళ కింద దూరడం, రాత్రి అన్నాలయ్యాక పిల్లల పక్కన కూర్చుని చదవడం. ఎనభై ఎనిమిది తెచ్చుకుంది. బామ్మర్దిగారు మాత్రం పది నిమిషాల్లోనే హాల్లోంచి బయటికొచ్చేశారు.

"ఏమైంది బాబూ?" అన్నారు కార్యదర్శిగారు కంగారుగా.

"కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగిందండీ. ఎవరికీ చెప్పొద్దని హాల్‌టికెట్ మీద రాసుంది. నేను చెప్పలేదు."

"శభాష్!" అన్నారు మంత్రిగారు. "ప్రాణం పోయినా రహస్యం దాచేవాడు! అలాంటివాణ్ణి ఫెయిల్ చేసిందంటే అదేం పరీక్ష?" అదీ రద్దయింది.

బయటి సంస్థలు పెట్టే పరీక్షలు మనకి అచ్చిరావని కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. మన పరీక్ష మనమే పెట్టుకుందాం, నలభై ప్రశ్నలు, ప్రశ్నకి నాలుగు జవాబులు అని తీర్మానించారు. మొదటి ప్రశ్న దగ్గరే బండి ఆగింది. ఆ సాయంత్రం కార్యదర్శిగారు ప్లగ్గమ్మని పిలిపించి, ఎన్నడూ లేనిది, కుర్చీ చూపించారు.

"నలభై ప్రశ్నలు రాసిపెట్టమ్మా. జవాబులు నా కంప్యూటర్లో దాచెయ్."

ఆవిడ మొహం వెలిగిపోయింది. మెట్ల కింద గదిలో నాకు పేపరు చూపించింది. "నా చేత రాయిస్తున్నారంటే, పోస్టు నాకు ఖాయమేగా అన్నయ్యా?"

"ఖాయమే" అన్నాను. నా నాలిక కాల్చెయ్యాలి.

మొదటి ప్రశ్న: కంప్యూటర్ తెర వెలగకపోతే ముందుగా ఏం చేయాలి? మొదటి మూడు జవాబులూ వైర్లూ, ప్లగ్గులూ, బటన్లూ. నాలుగోది: టెక్నికల్ సపోర్టుకి ఫోన్ చేయాలి. పేపరు తిప్పి చూస్తే నలభై ప్రశ్నలకీ నాలుగో జవాబు అదే.

"ఇదేంటమ్మా?"

"సపోర్టులో కూర్చునేవాడే సపోర్టుకి ఫోన్ చేస్తానంటే, ఈ పనికి పనికిరాడని ఇట్టే తేలిపోతుంది కదన్నయ్యా" అని నవ్వింది.

మర్నాడు నోటీసు బోర్డు మీద కాగితం పడింది. ప్రశ్నపత్రం తయారుచేసినవారు పరీక్ష రాయడానికి అనర్హులు. నిష్పాక్షికత విషయంలో ఈ ప్రభుత్వం రాజీపడదు.

ప్లగ్గమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చదివింది. మూడు నెలల గడువు ముగిసిన రోజున స్క్రూడ్రైవర్ల డబ్బా చంకన పెట్టుకుని, చెల్లకుండా పోయిన రెండు సర్టిఫికెట్లూ కవర్లో పెట్టుకుని గేటు దాటింది. "పిల్లలకేం చెప్పనన్నయ్యా?" అంది. ఫైలు చంకలో పెట్టుకుని నేల చూపులు చూస్తూ లోపలికి వచ్చేశాను. నాకూ ఉద్యోగం కావాలి.

బామ్మర్దిగారు ఒక్కరే పరీక్ష రాశారు. నలభై ప్రశ్నలకీ నాలుగో జవాబే టిక్కు పెట్టారు. దిద్దుదామని కమిటీ కూర్చుంది. తీరా చూస్తే జవాబులున్న కార్యదర్శిగారి కంప్యూటర్ తెర వెలగలేదు.

"ప్లగ్గమ్మని పిలవండి" అన్నారు సభ్యులొకరు, అలవాటుకొద్దీ.

"ఆమె నిన్ననే వెళ్ళిపోయిందండీ."

మంత్రిగారే తేరుకుని, "తెర వెలగకపోతే మనం ముందుగా ఏం చేయబోయాం?" అని అడిగారు.

"సపోర్టుకి ఫోన్ చేయబోయామండీ."

"మరి మావాడు రాసింది?"

ఏడుగురూ పేపరు మీదికి వంగి చూశారు. తొమ్మిదేళ్ళుగా మా ఆఫీసులో ఎవరు ఏ ఇబ్బందికైనా చేసింది అదొక్కటే. నలభైకి నలభై వేశారు. నూటికి నూరు తెచ్చుకున్న మొట్టమొదటి అభ్యర్థి అని నేను మినిట్స్‌లో రాశాను, పెద్ద అక్షరాల్లో.

సోమవారం బామ్మర్దిగారు మెట్ల కింద గదిలో పదవీ స్వీకారం చేశారు. గదికి రంగులు వేశారు, సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టారు. పదకొండింటికి మంత్రిగారు స్వయంగా ఫోన్ చేసి, తన కంప్యూటర్ ఆగిపోయిందన్నారు.

"ఇప్పుడే చూస్తా బావా" అని బామ్మర్దిగారు పెట్టేశారు. చొక్కా సర్దుకుని, అదే ఫోను మళ్ళీ ఎత్తి, టెక్నికల్ సపోర్టు నంబరు నొక్కారు. చెవి దగ్గర పెట్టుకుని కాసేపు విన్నారు. పెట్టేశారు. మళ్ళీ నొక్కారు.

నాలుగోసారికి పైకి వెళ్ళి, "లైను ఖాళీ లేదు బావా" అని చెప్పారు.

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. నా వైపు తిరిగి, "చూశావటయ్యా, మొదటిరోజే ఎంత పని జరుగుతోందో! రాసుకో" అన్నారు.

రాసుకున్నాను.