కన్నబాబు సుగరు

“కోరాపుట్ వెళ్దామే” అన్న మొగుడి మాట వినగానే తాయారు ముందు పోపు మాడ్చింది, ఆ తరవాత అనుమానించింది. ఎప్పుడూ ఇలా జరగలేదు. మామూలుగా ముందు అనుమానమే.

“ఏటుందండీ కోరాపుట్‌లో?”

“ఏముందా? మన నిఖిత ఉంది. నర్సింగు కాలేజీలో చేరి ఏడాదైంది, ఒక్కసారైనా చూసిరావద్దూ? పైగా కొండల మీది ఊరు. తిండి ఉంది, సంస్కృతి ఉంది, హైకింగు ఉంది.”

“మొదటి అంతస్తుకి లిఫ్టు కోసం పావుగంట నిలబడే మనిసి మీరు. మీకు హైకింగేటండీ?”

“మీరిద్దరూ కొండెక్కండి. నేను కింద హాయిగా కింగులా కూర్చుంటా. అది హాయ్‌కింగు.”

కామరాజు ఉక్కు ఫ్యాక్టరీలో క్రేను నడుపుతాడు. టన్నులకొద్దీ ఇనుమును గాల్లోకి లేపగలడు గానీ సొంత పొట్టను కుర్చీలోంచి లేపలేడు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి, అనకాపల్లి పిల్లను చేసుకుని, ఇరవై మూడేళ్లుగా గాజువాకలో కాపురం. మూడు నెలల క్రితం డాక్టరు ఆయన రిపోర్టు చూసి “బోర్డర్లో ఉంది” అన్నాడు. ఆ డాక్టరు ఎవరి రిపోర్టు చూసినా అదే అంటాడు. కాలనీ అంతా ఆయన్ని బోర్డర్ డాక్టరనే పిలుస్తుంది. కానీ తాయారుకి ఆ ఒక్కమాట చాలు. పొద్దున రాగుల చోడంబలి, మధ్యాహ్నం కాకరకాయ, రాత్రి రెండు పుల్కాలు, వీటన్నిటికీ నంజుకోడానికి తాయారు చూపు.

కామరాజు వాదన ఏమిటంటే, సుగరు బోర్డరు దాటకూడదన్నాడు గానీ మనిషి బోర్డరు దాటకూడదని డాక్టరు అనలేదు కదా! ఒడిశాలో తిన్నది ఆంధ్రాలో లెక్కకు రాదు. అంటే తాయారుకి దొరకదు.

ఒకటే బెంగ. తాను దొరికిపోతే మాత్రం వన్ టౌన్లో స్నేహితుడు అబ్దుల్ హమీద్ ఇంట్లో శుక్రవారం బిర్యానీ కూడా పోతుంది. వారానికి ఒక్క పూట తాయారు తెరిచి ఉంచిన కిటికీ అది. అది కూడా మూసేస్తే ఇక ఊపిరాడదు.

తాయారు రెండు నిమిషాలు ఆలోచించి “సరే, ఎల్దాం” అంది.

ఇప్పుడు అనుమానించడం కామరాజు వంతు. ఈవిడ పెళ్లికి సరేననడానికే ఆరు నెలలు తీసుకుంది.

కిరండూల్ ప్యాసింజరు ఎక్కారు. శృంగవరపుకోట దాటాక సొరంగాలు మొదలయ్యాయి. వాళ్ల పెట్టెలో లైట్లు వెలగడం లేదు. సొరంగం రాగానే చీకటి, చీకటి పడగానే కామరాజు చెయ్యి నిఖిత కోసం తెచ్చిన జంతికల డబ్బాలోకి. ఇలా ఏడు సొరంగాలు విజయవంతంగా నమిలాడు. ఎనిమిదోది మరీ పొట్టిది. వెలుతురొచ్చేసరికి జంతిక సగం లోపల, సగం బయట.

“సొరంగం అయిపోనాది. మీ నోరు కూడా ముయ్యండి” అంది తాయారు కిటికీలోంచి చూపు తిప్పకుండానే.

కోరాపుట్‌లో నిఖిత ఎదురొచ్చింది. లాడ్జిలో దింపి, ముందుగా ఒక పెద్ద గ్లాసు చేతికిచ్చింది.

“తాగు నాన్నా. ఇక్కడి స్పెషల్. మాండియా.”

కామరాజు ఆశగా ఒక గుక్క మింగాడు. మొహం వేలాడింది. “ఏంటమ్మా ఇది?”

“చోడంబలి.”

రాష్ట్రం దాటి, ఇన్ని సొరంగాలు దూరి, మూడు వేల అడుగులు పైకొస్తే ఇక్కడా అదే కూర్చుని ఉంది! ముందే కబురు పెట్టిందేమోనని తాయారుని అనుమానంగా చూశాడు. ఆవిడ బూట్ల తాళ్లు బిగించుకుంటోంది.

మధ్యాహ్నం తల్లీకూతుళ్లు ఊరి వెనక గుట్ట ఎక్కడానికి వెళ్లారు. కామరాజు గిరిజన మ్యూజియం ముందు నిలబడి ఒక ఫోటో తీసి తాయారుకి పంపాడు. సంస్కృతి అయిపోయింది. రోడ్డు దాటాడు. అక్కడ మిఠాయి కొట్లో ఛెనాపోడ ఉంది. పాలవిరుగుడులో పంచదార కలిపి, పైన ఎర్రగా మాడేదాకా కాల్చిన ముద్ద. మాడిన పదార్థం ఇంత రుచిగా ఉంటుందని తాయారు పోపు తిని బతికినవాడు ఏనాడూ ఊహించలేదు. మూడు ముక్కలు తిన్నాడు. వాటికి తోడు నాలుగు రసగుల్లాలు, రెండు వడలు.

బయటికొస్తే పక్కనే షామియానా. ముందు జనం వరస. ఒడియా బోర్డు మీద అన్నం, పళ్లు, మిఠాయి ఉన్న పెద్ద కంచం బొమ్మ. ఒడియా రాదు గానీ కంచం ఏ భాషలోనైనా కంచమే. ఎవరో పుణ్యాత్ములు వడ్డిస్తున్నారనుకుని వరసలో దూరాడు.

వంతు వచ్చేసరికి కంచం లేదు. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, బల్ల మీద సూదులు.

“కూర్చోండంకుల్, నర్సింగు స్టూడెంట్లం. తిండి మీద సర్వే, సుగరు టెస్టు ఫ్రీ. పేరు?” అంది తెలుగులోనే.

వెనక ఇరవై మంది. వదిలేసి పారిపోతే పరువు తక్కువ. అసలు పేరు చెబితే నిఖితకి తెలుస్తుంది. కామరాజు ఇలాంటి సమయంలో ఏ తెలుగు మొగుడైనా చేసే పనే చేశాడు.

“కన్నబాబు” అన్నాడు.

కన్నబాబు బావమరిది. రోజూ తెల్లారకముందే బీచ్ రోడ్డులో ఎనిమిది కిలోమీటర్లు నడిచి, ఉప్పు లేని కూర తిని, ఆ సంగతి అందరికీ ఫోన్ చేసి చెప్పే మనిషి. ఫోన్ నంబరు అడిగితే కూడా ఆయనదే ఇచ్చాడు.

“నిన్నట్నుంచి ఏమేం తిన్నారంకుల్?”

బావమరిది పేరు మీద నిజం చెప్పడంలో ఎంత సుఖం ఉందో కామరాజుకి అప్పుడే తెలిసింది. జంతికలు మొదలు వడల దాకా, సొరంగాలతో సహా పూసగుచ్చినట్టు చెప్పాడు. అమ్మాయి రాస్తూ రాస్తూ రెండో కాగితం తీసింది.

వేలికి సూది గుచ్చింది. మీటరు లెక్క కడుతోంది. సరిగ్గా అప్పుడు రోడ్డు మలుపులో తాయారు చెప్పులు... కాదు, బూట్లు! కామరాజు అంకె చూడకుండానే షామియానా వెనకగుడ్డ ఎత్తి దూరిపోయాడు.

సాయంత్రం లాడ్జిలో తాయారు మంచం మీద కూలబడి ముక్కు చీదుతోంది.

“ఏమైందే?”

“మా తమ్ముడికి సుగరు మూడొందల పన్నెండటండీ!”

కామరాజుకి గుండె జారి ఛెనాపోడ మీద పడింది. “ఎ... ఎవరు చెప్పారు?”

“ఈ ఊళ్లోనే టెస్టు సేయించుకున్నాడట. కార్డు మీద పేరుంది, నంబరుంది. అక్కకి సెప్పకుండా ఒచ్చి, మూటలకొద్దీ తిని పోనాడట ఎదవ!”

“ఛ, మీటరు తప్పై ఉంటుంది.”

“మీటరుకేటి పగ, మా తమ్ముడి మీద?”

కామరాజు వరండాలోకెళ్లి హమీద్‌కి ఫోన్ చేశాడు. “హమీదూ, మూడొందల పన్నెండంటే మనిషి ఉంటాడా?”

“ఎవలికి బావా?”

“మా బావమరిదికి.”

“ఆడికేటవుద్ది, గుర్రంలాటోడు! నీకైతే భయపడాల గానీ.”

ఆ మాటతో కామరాజుకి కాళ్లు తిమ్మిరెక్కాయి, కళ్లు మసకబారాయి. నిజంగానో కాదో ఆయనకే అనుమానం. లోపలికొచ్చి, కూతుర్ని ఏదో లోకాభిరామాయణంలా అడిగాడు.

“పాపం, ఇప్పుడు కన్నబాబు ఏం చెయ్యాలమ్మా, నిఖితా?”

“మావయ్యా? తీపి ముట్టకూడదు. మాండియా తాగాలి.”

కామరాజు రెండు గ్లాసులు తాగాడు.

“ఇంకా?”

“బాగా నడవాలి. కొండలెక్కితే మరీ మంచిది.”

“రేపు మేం దేవమాలి కొండకి ఎల్తన్నాం. మీరు కల్చరు సూసుకోండి” అంది తాయారు.

“కల్చరు ఎక్కడికీ పోదు. నేనూ వస్తా!”

పొద్దున్నే జీపులో వెళ్లి, కొండ కింద దిగి నడక మొదలుపెట్టారు. మబ్బులు మోకాళ్ల దగ్గర తిరుగుతున్నాయి. కామరాజు పది అడుగులు వేసి ఒకసారి నాడి చూసుకుంటున్నాడు. సగం దారిలో ఒక బండ మీద కూలబడ్డాడు. హమీద్ బిర్యానీ గుర్తు రాలేదు. తాయారు వంటింట్లో ఒక్కతే కూర్చుని చోడిపిండి డబ్బా వైపు చూస్తున్నట్టు కనబడింది.

“తాయారూ... కన్నబాబు సుగరు కన్నబాబుది కాదే.”

“మరెవలిదండీ?”

“నాదే. నేనే వాడి పేరు చెప్పా. నిన్ను మోసం చేశా. మూడొందల పన్నెండు! ఇక్కణ్నుంచే ఆసుపత్రికి పోదాం పద.”

తాయారు చేతిసంచిలోంచి ఒక కార్డు తీసి ఆయన ఒళ్లో పడేసింది. పేరు: కన్నబాబు. సుగరు: నూట యాభై ఆరు.

“అంత తిన్నాక అది పరవాలేదు నాన్నా” అంది నిఖిత. “నీకు సూది గుచ్చింది నా రూమ్మేట్ ఆస్రా. వన్ టౌన్ అమ్మాయి. నా మంచం పైన మన ఫోటో రోజూ చూస్తుంది. నువ్వు కూర్చోగానే గుర్తుపట్టింది. నవ్వాపుకోవడానికే రెండో కాగితం తీసిందట. నువ్వు పారిపోగానే కార్డు తెచ్చి మాకిచ్చింది.”

కామరాజుకి ముందు ప్రాణం లేచొచ్చింది. దాని వెనకే కోపం. బండ మీద నిలబడి కొండ అదిరేలా అరిచాడు.

“రాత్రంతా చచ్చిపోతాననుకున్నానే! కట్టుకున్న మొగుడికి సుగరు రెండింతలు చేసి చెప్తావా?”

తాయారు నొసలు ముడిచింది.

“మీకు నానెప్పుడు సెప్పేనండీ? మా తమ్ముడికి మూడొందల పన్నెండన్నాను. మా తమ్ముడు, నా ఇష్టం. మధ్యలో మీకేటి?”

కామరాజు బండ దిగి, టోపీ సర్దుకుని, మిగిలిన కొండ ఎక్కడం మొదలుపెట్టాడు.