తాకినచోట వేగం

పొద్దున్నే తన గైడు పరశురాములు సారు చేత థీసిస్ మీద సంతకం పెట్టించుకుని, మధ్యాహ్నం బస్సుకు మానుకోట వెళ్లి, తమ తండాలో కడుపునిండా తిని పడుకోవాలన్నది శోభ ప్లాను. ఊరికే ఉండొచ్చు కదా! జనగామ హాస్టల్లో టీ తాగుతూ, వడ్లు ఎట్లా జారుతాయో చూపించే తన ప్రోగ్రాంలోకి సరదాగా రెండే రెండు గింజలను వదిలింది. రెండూ ఒకదాన్నొకటి తాకుతూ ఒకేవైపు గిర్రున తిరుగుతున్నాయి. అలా తిరిగితే తాకినచోట ఒకటి పైకి, ఒకటి కిందికి పోతూ రాసుకోవాలి. కంప్యూటర్ మాత్రం అక్కడ వేగం సున్నా అంది. రెండు తిరుగుళ్లనూ కలపాల్సిన చోట శోభ ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేసింది. రాపిడే లేకపోతే వడ్లు నీళ్లలా జారక ఏం చేస్తాయి?

ఆ ప్రోగ్రాంతో తీసిన జారే వడ్ల వీడియో చూసి మురిసిపోయే, మానుకోట మార్కెట్లో అదే కొలతలతో వడ్లు నిలవచేసే ఇనుప గుమ్మి కట్టారు. ఇవాళే దాని ప్రారంభం.

"సార్, గింజలు తాకినకాడ వేగం తప్పు లెక్కగట్టిన. గుమ్మి తెరిస్తే వడ్లు ఇరుక్కుంటయ్," అంది సారు గదికి పరుగెత్తి.

"వీడియోల మంచిగనే జారినయ్ గద!"

"లెక్క తప్పు గాబట్టే జారినయ్ సార్."

"నీకు సంతకం కావాల్నా, వద్దా? కారెక్కు."

మార్కెట్లో చైర్మన్ ఎల్లేశ్‌ను పట్టుకుంది. "అన్నా, జర ఆగుండ్రి. గిట్లయితే వడ్లు జారయ్."

"బరువు చాలదని పిల్ల పరేషాన్ అయితుంది," అన్నాడు సారు తడుముకోకుండా. అంతే, ఇంకో లారీ వడ్లు పైనుంచి కుమ్మరించారు. అప్పటికే అడుగున ఉన్నవి శోభ తండ్రి జైసింగ్‌వి. "మా బేటి లెక్కగట్టిన గుమ్మి," అని తండా అంతా చెప్పుకుని, పంటంతా తెచ్చి పోశాడు పిచ్చి తండ్రి.

అడుగు మూత తీశారు. దోసెడు వడ్లు రాలి ఆగిపోయాయి. శకునం బాగుందని చప్పట్లు కొట్టారు. తర్వాత గుమ్మిని కర్రలతో కొట్టారు. కొట్టినకొద్దీ వడ్లు ఇంకా బిగుసుకున్నాయి. చివరికి గ్యాస్ కట్టర్ పెట్టి కోస్తే పక్క చీలి, వడ్లన్నీ నేల పాలయ్యాయి. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు అప్పుడే వాన అందుకుంది.

సారు మైకు అందుకున్నాడు. "డిజైన్ల తప్పేం లేదు. తండా వడ్లే పచ్చిగున్నయ్!"

"ఎండబెట్టే తెచ్చిన గద, బేటీ," అన్నాడు జైసింగ్, బురదలోని వడ్లను దోసిట్లోకి ఎత్తుకుంటూ.

శోభకు ఒళ్లు మండిపోయింది. మైకు గుంజుకుంది. "తప్పు వడ్లది గాదు, నా లెక్కది. పొద్దుగాల్నే సారుకు చెప్పిన."

సంతకం ఇక గంగలో కలిసిందనుకుంది. సారు మాత్రం అందరి ముందూ ఆమె భుజం తట్టాడు. "సెబాష్ బిడ్డా! లెక్క సరిజేసి తీస్కరా, సంతకం నేనే పెడత."

పిచ్చిది, నమ్మింది. తిండీ నిద్రా మానుకుని గింజల తిరుగుళ్లను కలిపింది. ఈసారి కంప్యూటర్లో వడ్లు అచ్చం మానుకోటలో ఇరుక్కున్నట్టే ఇరుక్కున్నాయి.

థీసిస్ తిరిగొచ్చింది. సంతకం ఉండాల్సిన చోట సారు రాసింది ఇది: "వడ్లు ఇరుక్కుంటాయని మానుకోటలో అందరికీ తెలుసు. ఇందులో కొత్తగా కనుక్కున్నదేముంది?"