గాలి బాగా విసిరిన మోటారు

ఒక పెద్ద అడవిలో ప్రతి పనికీ ఒక కమిటీ ఉండేది. పని మాత్రం ఎవరికి వాళ్లే చేసుకునేవారు.

ఆ అడవి మధ్యలో ఒక కొండ, కొండ కింద ఒక వాగు. ఎండాకాలం వచ్చేసరికి కొండ మీద చెలమలన్నీ ఎండిపోయాయి. పైన పోలమ్మ అనే కుందేలు అయిదుగురు పసికూనలతో కాపురం ఉంటోంది. నీళ్ల కోసం రోజుకు మూడుసార్లు కొండ దిగాలి. ఆమె దిగినప్పుడల్లా బొరియ మీద ఒక డేగ తిరుగుతుండేది. పోలమ్మ పరుగున దిగి పరుగున ఎక్కేది. ఎక్కగానే నీళ్లు పక్కన పెట్టి ముందు పిల్లల్ని లెక్కపెట్టుకునేది.

ఇది చూసి చారలమ్మ అనే ఉడుతకు కడుపు తరుక్కుపోయింది. చారలమ్మది చిత్రమైన సరదా. విహారానికొచ్చిన మనుషులు పారేసిన బొమ్మకార్లు, టార్చిలైట్లు విప్పి కొత్త సామాన్లు చేస్తుంది. అలా పోగేసిన ముక్కలతో ఒక నీళ్ల రోబో కట్టింది. నాలుగు చక్రాలు, పైన రెండు కుండలు పెట్టే చట్రం, ముందు రెండు చిన్న కళ్లు. దారి పొడుగునా సున్నంతో గీత గీస్తే, ఆ గీత చూసుకుంటూ తనే కొండెక్కుతుంది. ఇక మోటారు ఒక్కటే బిగించాలి.

అక్కడే వచ్చింది చిక్కు. అడవిలో తిరిగే ఏ వస్తువుకైనా మోటారు ఎంపిక కమిటీ మంజూరు కావాలి.

కమిటీ అధ్యక్షుడు ఏనుగు భూపతి గారు. మంచివారే. కూర్చుంటే నిద్ర వస్తుంది, లేస్తే ఆకలి వేస్తుంది, అంతే. సభ్యురాలు నెమలి. అందంగా లేనిదేదీ ఆవిడకు అర్థం కాదు. కార్యదర్శి నక్క వినయరావు. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. వంగి వంగి దండాలు పెడుతూనే కమిటీని మొత్తం నడిపేవాడు.

వినయరావుకు ఒక బావమరిది ఉన్నాడు. అతని గుహలో పందెపు బొమ్మకార్ల మోటార్లు గుట్టగా పడి ఉన్నాయి. వాటిలో ఒక్కటైనా "అడవి మోటారు" అనిపించుకుంటే బావమరిదికి పేరు, ఇంట్లో వినయరావుకు శాంతి. అందుకని అర్హతలు తనే రాశాడు. మోటారు నిమిషానికి పదివేల చుట్లకు తక్కువ తిరగరాదు. చూడ్డానికి చిన్నదిగా ఉండాలి. మెరవాలి.

పరీక్ష రోజున బావమరిది మోటారును బండరాయి మీద పెట్టారు. దాని ఇరుసుకు ఒక రావి ఆకు గుచ్చి బ్యాటరీ తగిలించారు. ఆకు గిర్రున తిరిగింది. ఎండకు మగ్గిపోతున్న భూపతి గారి ముఖానికి చల్లగాలి తగిలింది.

"అబ్బ! ఎంత హాయిగా ఉందీ!" అన్నారాయన కళ్లు మూసుకుని.

"నా ఈకలు కూడా కదులుతున్నాయి చూడండి!" అంది నెమలి మురిసిపోతూ.

తరువాత చారలమ్మ తెచ్చిన మోటారు. దానికి పక్కనే పళ్లచక్రాల పెట్టె ఉంది. నిమిషానికి అరవై చుట్లు తిరుగుతుంది. దానికీ ఆకు గుచ్చారు. ఆకు తాపీగా తిరిగింది. ఒక ఈగ దాని మీద వాలి, ఒక చుట్టు షికారు చేసి దిగిపోయింది.

"ఇది పనిలో ఉందా, సెలవులో ఉందా?" అన్నాడు వినయరావు. సభంతా గొల్లున నవ్వింది.

చారలమ్మకు ఒళ్లు మండింది. "ఇక్కడ విసనకర్ర కోసం వచ్చామా అండీ? రెండు కుండల నీళ్లు కొండెక్కాలి. ఎంత బరువు, ఎంత వాలు, చక్రం ఎంత, బ్యాటరీ ఎంత, ఇవి కదా ముందు అడగాలి? ఈ పళ్లచక్రాలు చుట్లు తగ్గించి, ఆ మేరకు బలం పెంచుతాయి. ఎద్దు గుర్రంలా పరిగెత్తదు, కానీ బండి లాగేది అదే. మీ చిన్న మోటారు బరువుకు ఆగిపోయిందంటే, బ్యాటరీనంతా తాగేసి మాడిపోతుంది. కుండలు పెట్టి వాలు మీద చూద్దాం రండి."

"కార్యాలయంలో వాలు లేదు కదమ్మా చారలమ్మా," అన్నాడు వినయరావు ఎంతో నెమ్మదిగా.

"కొండ ఉంది కదా!"

"కొండ కమిటీ వేరే."

అయినా ఉడుత వదిలేలా లేదు. ముందరి కాళ్లకు బంధం వేద్దామని వినయరావు అప్పటికప్పుడు ఒక షరతు రాశాడు. మోటారు పని చేయకపోతే, దాన్ని సమర్పించినవారే, పనిచేసే మోటారు వచ్చేదాకా స్వయంగా నీళ్లు మోయాలి. చారెడు ఉడుత ఈ మాట వింటే తోక ముడుస్తుందని అతని ఆశ.

చారలమ్మ తన చిట్టి కాళ్ల వైపు చూసుకుంది. కుండ ఆమెకు పదింతలుంది. కానీ మూల నిలబడ్డ పోలమ్మ ముఖం చూసి, కాలిముద్ర వేసేసింది. బావమరిది రాలేదు కాబట్టి అతని తరఫున వినయరావు కూడా వేశాడు.

గాలి విసిరిన మోటారే నెగ్గింది.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. రోబోకు మూడు పూలదండలు వేశారు. భూపతి గారు ప్రగతి గురించి మాట్లాడి మాట్లాడి, మధ్యలో కాసేపు నిద్రపోయి, లేచి మళ్లీ ప్రగతి గురించే మాట్లాడారు. నిండు కుండలు ఎత్తారు. మీట నొక్కారు.

మోటారు 'ఊఁ' అంది. చక్రం కదల్లేదు. ఇంకాసేపు 'ఊఁ' అంది. సన్నగా పొగ లేచింది.

"సాంబ్రాణి కూడా పెట్టించారా? శుభం," అంది నెమలి.

మోటారు నల్లగా మాడిపోయింది. వినయరావు ఏమాత్రం తడబడలేదు. "అధ్యక్షా! మోటారులో లోపం లేదు. కొండే మరీ ఎత్తుగా ఉంది. ఒక తీర్మానం చేసి కొండ ఎత్తు సగానికి తగ్గిద్దాం."

భూపతి గారు తల ఊపబోతుండగా పోలమ్మ ముందుకొచ్చింది. ఇన్నాళ్లూ సభలో నోరెత్తని పోలమ్మ ఇప్పుడు గొంతెత్తింది.

"మీ ఉపన్యాసం వింటూ గంట నిలబడ్డాను. ఆ గంటసేపూ నా పిల్లల మీద డేగ తిరుగుతూనే ఉంది. ఆ షరతు చదవండి!"

"సభామర్యాద! బయటికి పంపించాల్సి వస్తుంది, జాగ్రత్త!" అని ఉరిమాడు వినయరావు.

"తాటాకు చప్పుళ్లకు కుందేళ్లు బెదరవు. చదవండి!"

భూపతి గారు చదివారు. రెండోసారి గట్టిగా చదివారు. బావమరిది కోసం చూస్తే అతను ఎప్పుడో పొదల్లో కలిసిపోయాడు. కాలిముద్ర మాత్రం వినయరావుదే. ఏనుగు తొండంతో రెండు కుండలూ ఎత్తి, నక్క నడుముకు అటొకటి ఇటొకటి కట్టారు. ఆయన జీవితంలో తొందరగా చేసిన పని అదొక్కటే.

మొదటిసారి ఎక్కేసరికే వినయరావు నాలుక బయటికొచ్చింది. మూడోసారి ఎక్కేసరికి కొండ వాలు ఎంతో, కుండ బరువు ఎంతో, ఎక్కడ ఆగితే కాలు వెనక్కి జారుతుందో కొలత వేసినట్టు చెప్పగలిగాడు. సాయంత్రం కుంటుకుంటూ చారలమ్మ దగ్గరికి వచ్చాడు.

"తల్లీ, నీ మోటారు రేపే బిగించేయి."

"నాదేముంది కార్యదర్శి గారూ? కమిటీ మంజూరు కావాలి."

"ఇదిగో, నేను మంజూరు చేశాను!"

"సమావేశానికి వారం ముందు నోటీసు ఇవ్వాలట. నిబంధన మీరు రాసిందే."

ఆ వారం రోజులూ పోలమ్మ కొండ దిగలేదు. బొరియ గుమ్మంలో పిల్లల్ని చుట్టూ పెట్టుకుని దర్జాగా కూర్చుంది. "కాస్త తొణక్కుండా పొయ్యండి బాబూ," అని నక్కకు జాగ్రత్తలు కూడా చెప్పేది. కొన్నాళ్లు చూసి చూసి డేగ వేరే ఊరు వెళ్లిపోయింది.

ఎనిమిదో రోజు సమావేశం కొండ వాలు మీదే జరిగింది. నిండు కుండలతో గేర్ల మోటారు గుర్రుగుర్రుమంటూ, సున్నం గీత తప్పకుండా, ఎక్కడా ఆగకుండా పైకి చేరింది. చారలమ్మ రాయి మీద ఎగిరి గంతులేసింది. అందరికన్నా ఎక్కువ చప్పట్లు కొట్టింది వినయరావు. సంతోషంతో అతనికి ఏడుపొచ్చింది.

"మంజూరు!" అన్నారు భూపతి గారు. తరువాత ఎన్నడూ లేనిది ఆలోచనలో పడ్డారు. "మరి ఇది ఎప్పుడైనా చెడిపోతే? అత్యవసరానికి ఇంకొకటి ఉండాలి. చారలమ్మ చెప్పినట్టు, నిండు బరువుతో, అసలు వాలు మీద పరీక్షకు నిలిచినదే కావాలి. అలాంటిది మన దగ్గర ఇంకేమైనా ఉందా?"

సభంతా ఒక్కసారిగా వినయరావు వైపు తిరిగింది.

నీతి: బరువు చూడకుండా మోటారు ఎంచుకున్నా ఫరవాలేదు, ఎంచినవాడి నడుము గట్టిదైతే చాలు.