మేష్టారి బొగ్గు, జగ్గయ్య ఎరుపు

పది గంటలకు శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి నిలబడగానే, ఆయన కళ్ళ ముందు తొట్టెడు ఎర్రనీళ్ళను తేటనీళ్ళుగా మార్చాలి. ఆ ఉదయం సైన్సు మేష్టారు వెంకట్రాజుగారు వేసుకున్న పథకం అదే. తివాసీల ఉన్నికి రంగులద్దే జగ్గయ్య షెడ్డు మురుగు కాలువలో కలిసి, దిగువన ఉతికిన పంచెలన్నీ గులాబీరంగుకు తిరుగుతున్నాయని ఫిర్యాదు వెళ్ళింది. ఈ రోజు నీళ్ళు తేటపడకపోతే షెడ్డుకు తాళమే.

మేష్టారి ధైర్యమంతా కూరగాయల తొక్కల మీదే. ఆరు నెలలు ఏలూరు వీధులన్నీ తిరిగి బీరతొక్కలూ అరటితొక్కలూ పోగుచేసి, యాసిడ్లో నానబెట్టి, మూత బిగించిన డబ్బాల్లో మాడ్చి, కడిగి పొడిచేశారు. గేదెల నోటికాడ కూడు లాక్కుంటున్నాడని ఆయనను తిట్టని ఇల్లు లేదు. అయినా నీళ్ళలోని రంగును పీల్చేసే ఆ నల్లటి బొగ్గుపొడిని చూసుకుంటే ఆయనకు పుత్రోత్సాహమే.

"తలుపు పక్క తొట్టేనండీ మురుగు" అని చెప్పి జగ్గయ్య ఉన్ని తేవడానికి వెళ్ళాడు. అతని తల్లి వెంకటనరసమ్మకు ఆ సంగతి తెలియదు. పెద్దమనిషి గుమ్మంలోకి వస్తుంటే మురికినీళ్ళు ఎదురుపెట్టడం ఆమె పెంపకంలో లేదు. మేష్టారు వడపోత కుండలు తేవడానికి వెళ్ళిన సందులో మురుగుతొట్టిని పెరట్లోకి లాగించి, తెల్లవారుజామున కాచిన కొత్తరంగు తొట్టిని దాని చోట పెట్టించింది.

ఇన్‌స్పెక్టరు ఆలస్యం చేయడంతో మేష్టారు ఆగలేకపోయారు. బొగ్గుపొడి కుండల్లో మూడుసార్లు వడపోశారు. నీళ్ళు కొబ్బరినీళ్ళలా మళ్ళీ తొట్టిలోకి దిగాయి. ఆయన కళ్ళు చెమర్చాయి.

తీరా వచ్చిన ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "బావినీళ్ళు పోసి నాకే చూపిస్తారా మేష్టారూ?"

"అయ్యో, కాదండీ! తొక్కల మహిమండీ!"

"తొక్కలతో నీళ్ళు బాగుపడితే మా గేదె తాగే కుడితి గంగాజలం అయిపోవాలండీ!" అంటూ సంచిలోంచి తాళం తీశాడు.

సరిగ్గా అప్పుడే జగ్గయ్య ఉన్నిమోపుతో వచ్చి, తొట్టిలోకి చూసి గుండెలు బాదుకున్నాడు. "అయ్యబాబోయ్! నా రంగేదండీ? పెద్ద తివాసీకి కాచిన ఎరుపండీ అది!"

"మురుగు పెరట్లో దాచానురా నాయనా" అంది తల్లి.

తన ముందు దొంగ ఏడుపు ఏడ్చినవాళ్ళను ఇన్‌స్పెక్టరు చాలామందిని చూశాడు. ఇది అలాంటిది కాదు. పెరట్లోని మురుగుతొట్టి తెప్పించి దగ్గరుండి వడపోయించాడు. అదీ తేటగా దిగింది.

"అసలు రంగునే మింగిందంటే మురుగో లెక్కా!" అన్నాడు నోరు వెళ్ళబెట్టి.

జగ్గయ్య ముక్కు చీదుకుని రొమ్ము విరిచాడు. "మా వీధి మేష్టారండీ! మా ఇంటి బీరతొక్కలేనండీ!"

నిన్నటిదాకా తిట్టిన వీధంతా తొక్కలు తమ ఇంటివేనని పోట్లాడుకుంది. మేష్టారికి జన్మ ధన్యమనిపించింది.

షెడ్డు నడుపుకోవచ్చునని ఇన్‌స్పెక్టరు రిపోర్టు రాసి, కింద ఒక షరతు చేర్చాడు: రంగు కాచిన రోజున మేష్టారిని లోపలికి రానివ్వరాదు.