దీపం కొండెక్కిన ఉదయం

ఆ మంచు కనుమ కింది ఊళ్ళో అందరూ నమ్మే మాట ఒకటుంది. ఒక చలికాలపు ఉదయాన దీపం అనే ఆవిడ ఒంటరిగా కొండెక్కిందనీ, ఆవిడ మనిషి కాదనీ. సైన్సు పాఠాలు చెప్పి రిటైరైన మాస్టారు ఈ మాట గుర్తొస్తే ఇప్పటికీ తల పట్టుకుంటారు. అందులో రెండో సగం స్వయంగా ఆయన నోటి నుంచి వచ్చిందే.

మాస్టారూ, ఆయన బాల్యమిత్రుడైన దర్జీ వీపున సంచులు తగిలించుకుని ఆసియా చుట్టబెట్టడం మొదలుపెట్టి అప్పటికి రెండు నెలలు. ఎనిమిదో తరగతి భూగోళం పుస్తకంలో చూసిన ఆ కనుమను ఎప్పటికైనా దాటాలన్నది ఇద్దరి ఒప్పందం. ఆ రోజు పది గంటల బస్సు తప్పితే మళ్ళీ వసంతం దాకా దారి మూతే. వచ్చే ఏటికి మోకాళ్ళు మాట వింటాయన్న నమ్మకం ఇద్దరికీ లేదు. పైగా, కొండ మీద మంచు లోతు కొలిచే ఉద్యోగిని "దారి బాగుంది" అని వైర్‌లెస్‌లో కబురు పంపితేగాని డ్రైవరు బండి కదల్చడు. రెండు రోజులుగా ఆ కబురు లేదు. వైర్‌లెస్ మొండికేయడం అక్కడ మామూలే గనక ఎవరూ కంగారు పడలేదు.

ఆరింటికి లేచి, సంచులు సర్దుకుని, కబురు కోసం బస్సు దగ్గర కాచుకోవాలని వాళ్ళ ఆలోచన. ఇంకా చీకటిగానే ఉంది, కరెంటు లేదు. మాస్టారు పెరట్లో వేడినీళ్ళ డ్రమ్ము దగ్గర పళ్ళు తోముకుంటున్నారు. గదిలో దర్జీ దీపం ముందు కూర్చుని, సంచికి ఊడిన బొత్తం కుడుతున్నాడు. ఇంతలో దీపం రెపరెపలాడి పోయింది.

దర్జీ ప్రయాణం రోజున అశుభం పలికే మనిషి కాదు. ఆయన ఇంట్లో బియ్యం ఏనాడూ అయిపోలేదు, నిండుకున్నాయి. దీపం ఏనాడూ ఆరిపోలేదు, కొండెక్కింది. ఫోనులో తర్జుమా చేసే యంత్రానికి ఈ మర్యాదలు తెలియవు.

"అమ్మా, మా దీపం కొండెక్కిందండీ," అన్నాడాయన, బస ఇచ్చిన పెద్దావిడ ముందు ఫోను పెట్టి.

ఫోను దీపాన్ని ఎవరి పేరో అనుకుని, ఆ మాటను ఉన్నదున్నట్టు ఆవిడ భాషలో వినిపించింది. ఆవిడ చేతిలోని చీపురు జారింది. ఆవిడ ప్రశ్నలను ఫోను తెలుగులో పలికింది.

"ఎప్పుడు?"

"ఇప్పుడే. లేచిందగ్గర్నుంచీ పాపం కొట్టుమిట్టాడుతూనే ఉంది."

"మీరు ఆపలేదా?"

"చేతిలో సూది ఉంటే నేనేం ఆపుతానమ్మా."

"ఆశ ఏమైనా ఉందా?"

"కొన ఇంకా ఎర్రగానే ఉంది. గట్టిగా ఊదితే లేస్తుందేమో."

ముక్కు కొన కాబోలనుకుంది పెద్దావిడ. కంబళి భుజాన వేసుకుని వీధిలోకి పరుగెత్తింది.

మాస్టారు నోట్లో నురగతో తిరిగి వచ్చేసరికి ఊరి గంట మోగుతోంది. తాళ్ళూ గడకర్రలూ పట్టుకుని ఇరవై మంది వాకిట్లో నిలబడ్డారు. డ్రైవరు కూడా బస్సు తాళంచెవి జేబులో వేసుకుని వాళ్ళలో చేరాడు.

"ఏం చేశావురా?"

"దీపం సంగతి చెప్పానురా, అంతే. ఒక్క అగ్గిపుల్ల కోసం ఇంతమంది ఎందుకో మరి."

"ఏమని చెప్పావు?"

దర్జీ చెప్పాడు. మాస్టారికి విషయం బోధపడింది. ముప్పై అయిదేళ్ళు పిల్లల అనుమానాలు తీర్చిన మనిషి. నోరు కడుక్కుని, ఫోను అందుకుని, మాటకు మాట విడదీసి పలికారు.

"అయ్యా, కంగారు పడకండి. దీపం మనిషి కాదు."

ఫోను నమ్మకంగా తర్జుమా చేసింది. వెనక వరుసలో ఒక ముసలాయన టోపీ తీశాడు.

"మనిషి కాకపోతే ఎవరు?" అని అడిగాడు డ్రైవరు, గొంతు తగ్గించి.

"వెలుగునిచ్చేది," అన్నారు మాస్టారు, మరింత స్పష్టంగా ఉంటుందని.

ఇక ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఇరవై మంది అరవై మందై కొండదారి పట్టారు.

"బాగా విడమరిచావురా," అన్నాడు దర్జీ. "నేను మనిషిని పైకి పంపితే, నువ్వు ఏకంగా దేవతను చేసి కూర్చోబెట్టావు."

"నోర్మూసుకుని బొత్తం కుట్టు. బస్సు పోతే నిన్నే వాహనం చేసుకుంటా."

తొమ్మిదిన్నరకు జనం దిగివచ్చారు. నాలుగు కంబళ్ళలో చుట్టిన ఒక యువతిని మోసుకొచ్చారు. ఆమె కాళ్ళు తన్నుకుంటూ ఏదో అంటోంది. మాస్టారు ఫోను దగ్గరగా పెట్టారు.

"నా పేరు దీపం కాదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"పాపం, చలికి పేరు కూడా మరిచిపోయింది," అంది పెద్దావిడ, ఇంకో కంబళి కప్పుతూ.

కంబళ్ళు విప్పితే లోపల మంచు కొలిచే ఉద్యోగిని ఉంది. రెండు రోజుల కిందట మడమ బెణికింది. ఆ రోజే వైర్‌లెస్ బ్యాటరీ కూడా చచ్చింది. కొండ మీద తన గుడిసెలో బిస్కెట్లు తింటూ, కిందికి కబురు చేసే దారి లేక కూర్చుంది. "దారి బ్రహ్మాండంగా ఉంది," అందామె విసుగ్గా. "ఈ ముక్క చెప్పడానికే రెండు రోజులుగా తంటాలు పడుతున్నాను."

డ్రైవరు జేబులోంచి తాళంచెవి తీశాడు.

పదింటికి బస్సు కదిలింది. మధ్యాహ్నానికి కనుమ మీద, కళ్ళు మిరుమిట్లు గొలిపే ఎండలో, ఇద్దరు ముసలివాళ్ళు మంచు ముద్దలు చేసి ఒకరి నెత్తిన ఒకరు వేసుకుంటూ ఎనిమిదో తరగతి పిల్లల్లా నవ్వారు.

"నేను అశుభం పలక్కపోబట్టే కదరా దాటాం," అన్నాడు దర్జీ.

మాస్టారు వాదించడానికి నోరు తెరిచారు. దర్జీ అందులోకి గుప్పెడు మంచు కుక్కాడు.

కింద ఊళ్ళో మాత్రం అందరికీ ఒకటే నమ్మకం, వెలుగునిచ్చే ఆ తల్లి కొండెక్కబట్టే ఆ పిల్ల దక్కిందని. జరిగింది ఇంతే: ఆ ఉదయం గదిలో కిరసనాయిలు అయిపోయింది.