కమిట్ కాని మంత్రిగారు

"ఇకమీదట ప్రభుత్వానికీ ప్రజలకీ మధ్య గాలి కూడా దూరదు!" అని మంత్రిగారు ప్రకటించారు.

చప్పట్లు మోగాయి. మోగకపోతే ఆ తప్పు నాదయ్యేది. మైక్ సెట్టు అద్దెకివ్వడం నా వృత్తి. మంత్రిగారు ఎక్కడ నోరు తెరిచినా ఆ నోటి ముందు నా మైకే ఉంటుంది. ఇంతటి మహానుభావుణ్ణి ఇంత దగ్గర్నుంచి విన్న అదృష్టం నాకు తప్ప ఇంకెవరికీ లేదు.

ఆ రోజు ఆయన ఆవిష్కరించిన యాప్ పేరు 'నేరుగా'. మార్కెట్లో దుకాణమున్న ప్రతివాళ్ళూ తమ ఫోన్లోంచి తామే పేరు నమోదు చేసుకోవాలి. దళారీ లేడు, గుమస్తా లేడు, మధ్యలో చెయ్యి చాపేవాడు లేడు. ప్రభుత్వ రికార్డులో పేరు పడితే దుకాణం ఉంటుంది. పడకపోతే సోమవారం తాళం పడుతుంది.

ఆ మార్కెట్లోనే మా అక్కకి కుట్టు దుకాణం ఉంది. బావ మంచాన పడ్డప్పట్నుంచీ ఇల్లు నడిచేది ఆ మిషను మీదే.

"ఒరేయ్, మీ మంత్రి చెప్పింది జరుగుతుందంటావా?" అంది అక్క.

"మైకు బాగా పనిచేసిందక్కా," అన్నాను. అంతకు మించి హామీ ఇచ్చే హోదా నాకు లేదు.

మర్నాడు సచివాలయంలో సమీక్ష. బల్ల మీద మైకులు అమర్చి నేనో మూల నిలబడ్డాను. మంత్రిగారు, ఆయన సెక్రటరీ, యాప్ రాసిన ప్రోగ్రామరమ్మాయి ఉన్నారు.

"చిన్న విషయం సార్," అంది ఆ అమ్మాయి. "యాప్ భాష వేరు, రికార్డులు దాచే డేటాబేస్ భాష వేరు. ఒకదాని మాట ఇంకోదానికి అర్థం కాదు. అందుకని మధ్యలో అడాప్టర్ పెడతాం. యాప్ చెప్పింది విని డేటాబేస్‌కి దాని భాషలో చెబుతుంది. అది ఇచ్చిన జవాబు తెచ్చి యాప్‌కి అందిస్తుంది."

మంత్రిగారు తాగుతున్న నీళ్ళ గ్లాసు దించారు.

"మధ్యలోనా?"

"అవును సార్."

"'నేరుగా'కి మధ్యలోనా?"

అమ్మాయి సెక్రటరీ వైపు చూసింది. సెక్రటరీ పైకప్పు వైపు చూశాడు.

"ఎంత తీసుకుంటాడు?" అన్నారు మంత్రిగారు.

"ఎవరు సార్?"

"వాడే. ఆ అడాప్టరు."

"ఏమీ తీసుకోదు సార్. ఫ్రీ."

మంత్రిగారి ముఖం ఇంకా గంభీరమైంది. "నా రాజకీయ జీవితంలో ఏమీ తీసుకోకుండా మధ్యలో నిలబడ్డవాణ్ణి నేను చూడలేదు. ఎవరి మనిషి వాడు?"

"ఎవరి మనిషీ కాదు సార్. ఓపెన్ సోర్స్. ఎవరెవరో ఎక్కడెక్కడో కూర్చుని రాసి, కావలసినవాళ్ళు వాడుకోమని వదిలేశారు."

"అంటే ఊరూ పేరూ లేదు. జీతం అడగడు. ఇద్దరి మాటలూ వింటాడు." మంత్రిగారు సెక్రటరీ వైపు వంగారు. "ప్రతిపక్షం వాడు కాడు కదా?"

"విచారణ చేయిస్తాను సార్."

అక్కడికక్కడే ఫోన్లో చేయించాడు కూడా. అడాప్టర్ మీద ఇంతవరకూ ఏ కేసూ లేదనీ, నడవడిక సంతృప్తికరమనీ పోలీసు శాఖ తేల్చింది. జాతి భద్రత విషయంలో మంత్రిగారు ఎంత జాగ్రత్తపరుడో పాఠకులు గమనించాలి.

అనుమతి వచ్చేదే. అమ్మాయి నోరు జారింది.

"పేరు రాయగానే సరిపోదు సార్. చివర్లో అడాప్టర్ కమిట్ అనాలి. అప్పుడే రికార్డు ఖాయమవుతుంది. అప్పటిదాకా, ఆ పేరు ఏ కనెక్షన్ దారిలో వెళ్ళిందో ఆ దారిలోంచి చూసేవాళ్ళకే కనిపిస్తుంది. బయటివాళ్ళు చూస్తే ఖాళీ."

"ఏమనాలీ?"

"కమిట్ సార్."

మంత్రిగారు కుర్చీలోంచి లేచారు. నేను గబగబా మైకు వాల్యూమ్ తగ్గించాను.

"అమ్మా! పోస్టర్లు అంటించే స్థాయి నుంచి ఈ కుర్చీ దాకా నేనెలా వచ్చాననుకున్నావ్? దేనికీ కమిట్ అవకుండా వచ్చాను! రోడ్డుకి అవలేదు. వంతెనకి అవలేదు. ఆఖరికి మా ఆవిడని సినిమాకి తీసుకెళ్తానని కూడా అవలేదు. 'పరిశీలిస్తాను' అన్నాను, అంతే. అలాంటిది ఊరూ పేరూ లేని అడాప్టరు నా శాఖ తరఫున కమిట్ అవుతాడా? రేపు నిలదీస్తే జవాబు ఎవడు చెప్తాడు, వాడా నేనా?"

"నిజమే సార్," అన్నాడు సెక్రటరీ. ఆ రెండు మాటలు ఆయనంత భావయుక్తంగా పలికేవాళ్ళు ఆ భవనంలో లేరు.

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. అడాప్టర్ మాటలు మోయవచ్చు. కమిట్ అనే అధికారం మాత్రం మంత్రిగారిదే. పైగా నాలుగు కనెక్షన్లుంటే నాలుగు దారులు, నలుగురు దళారులు తయారవుతారని, యాప్ మొత్తానికీ ఒకే కనెక్షన్ ఉండాలన్నారు. ఆ కనెక్షన్‌కే తగిలించిన పెద్ద తెర ఒకటి మంత్రిగారి గదిలో గోడకి బిగించారు.

యాప్ మొదలైంది. తెర మీద పేర్లు వరదలా వచ్చిపడ్డాయి. మంత్రిగారు టీ తాగుతూ వాటిని చూసి మురిసిపోయేవారు. వచ్చినవాళ్ళకీ చూపించేవారు. కొందరు కళ్ళు తుడుచుకోవడం నేను స్వయంగా చూశాను.

అక్క కూడా పేరు నమోదు చేసుకుంది. 'అభినందనలు! మీ దుకాణం నమోదైంది' అని ఫోన్లో వచ్చింది. అది పట్టుకుని మార్కెట్ ఆఫీసర్ దగ్గరికి వెళ్ళింది. ఆయన కంప్యూటర్ పాతది, యాప్‌తో పనిలేకుండా రికార్డుని వేరే దారిలో చూస్తుంది.

"నీ పేరు లేదమ్మా."

"ఇదిగో ఫోన్లో ఉంది కదండీ."

"ఫోన్లో ఉంటే ఫోన్లోనే షాపు పెట్టుకో. నా దాంట్లో లేదు. సోమవారం తాళం."

అక్క నేరుగా నా మీదికి వచ్చింది. "నీ మైకులో చెబితేనే కదరా నమ్మాను! ఆ మిషను తీసుకెళ్ళి రోడ్డు మీద పెట్టుకోనా? మీ బావ మందులు మీ మంత్రి కొంటాడా?"

నేను ప్రోగ్రామరమ్మాయిని వెతుక్కుంటూ వెళ్ళాను. క్యాంటీన్లో చల్లారిపోయిన టీ ముందు కూర్చునుంది.

"ఒక్కరిది కాదండీ, ఎవరి పేరూ ఖాయం కాలేదు," అంది. "అన్నీ ఆ ఒక్క కనెక్షన్లోనే వేలాడుతున్నాయి. అది తెగితే అన్నీ పోతాయి. కమిట్‌కి అనుమతి ఇవ్వమని ఫైలు పంపుతూనే ఉన్నాను. 'చర్చించండి' అని రాసి తిప్పి పంపుతున్నారు."

"ఎవరితో?"

"అడాప్టర్‌తో."

ఇక లాభం లేదని, టీవీ ఇంటర్వ్యూకి మంత్రిగారి కాలరుకి మైకు తగిలిస్తూ నేనే ధైర్యం చేశాను.

"సార్, మా అక్క పేరు మార్కెట్ ఆఫీసర్‌కి కనిపించట్లేదట."

మంత్రిగారు కోప్పడలేదు. భుజం మీద చెయ్యివేసి తెర ముందుకి తీసుకెళ్ళారు. వేలితో చూపించారు. నిజమే, అక్క పేరు అక్కడ మెరుస్తోంది.

"ఉందా?"

"ఉంది సార్. కానీ బయట…"

"బయట నుంచి చూస్తే ఏం కనిపిస్తుందయ్యా? నా హయాంలో జరిగిన అభివృద్ధి అంతా ఈ గదిలోంచే కనిపిస్తుంది. మీ అక్కని బెంగపడొద్దను."

ఆ మాట అక్కకి చేరవేశాను. ఆమె జవాబుని మంత్రిగారికి చేరవేయలేదు. మధ్యవర్తిత్వం నిషేధం.

ఆదివారానికి దుకాణదారులంతా మైదానంలో గుమిగూడి అరవడం మొదలుపెట్టారు. అరుపులకి భయపడే మనిషి కాదు మంత్రిగారు. కానీ అరుపుల పక్కన టీవీ కెమెరాలు కూడా ఉన్నాయి. వెంటనే సభ పెట్టించారు. వేదిక మీద ల్యాప్‌టాప్, వెనకాల తెర, తెర నిండా పేర్లు. మంత్రిగారు తన చేత్తో బటన్ నొక్కి సమస్య తీరుస్తారని సెక్రటరీ ప్రకటించాడు. ముందు వరసలో అక్క చేతులు కట్టుకుని కూర్చుంది.

ప్రోగ్రామరమ్మాయి ఆయన చెవిలో చెప్పింది. మైకు పక్కనే ఉండబట్టి నాకు వినపడింది.

"రెండు బటన్లున్నాయి సార్. మొదటిది కమిట్. అది నొక్కండి చాలు, అందరి దుకాణాలూ దక్కుతాయి. రెండోది ముట్టుకోకండి."

"రెండోదేమిటి?"

"రోల్‌బ్యాక్ సార్."

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. మొదటి మాట ఆయనకి పరాయిది. రెండోది సొంత ఇంటి మనిషి లాంటిది. బస్సు చార్జీలు పెంచి, రోల్‌బ్యాక్ అని వెనక్కి తీసుకున్నప్పుడు జనం ఆయన్ని భుజాల మీద మోశారు. నీటి పన్ను వేసి రోల్‌బ్యాక్ అన్నప్పుడు ఎన్నికే గెలిచారు.

"సార్, అది కాదు!" అంది అమ్మాయి.

ఆయన అప్పటికే మైకు అందుకున్నారు. "సోదరులారా! మీ బాధ నా బాధ. అందుచేత ఇప్పుడే, ఇక్కడే, రోల్‌బ్యాక్ చేస్తున్నాను!"

నొక్కేశారు. అలవాటు కొద్దీ మైదానమంతా చప్పట్లు కొట్టింది.

తెర మీది పేర్లు ఒక్కసారిగా మాయమయ్యాయి. చప్పట్లు నెమ్మదిగా ఆగిపోయాయి. అక్క పేరు పోయింది. పక్క దుకాణం గొడుగులాయన పేరు పోయింది. అంత పెద్ద తెర మీద ఒకే ఒక్క పేరు మిగిలింది: 'టెస్ట్'.

అమ్మాయి తల పట్టుకుంది. "ఉత్తర్వు రాకముందు పనిచేస్తుందో లేదో చూద్దామని నేనే రాసింది," అని నాతో గొణిగింది. "అదొక్కటే కమిట్ అయింది."

మంత్రిగారు వెనక్కి తిరిగి చూశారు. ఇంకెవరైనా అయితే అక్కడే కూలబడేవారు. నాయకుడు కనక కూలబడలేదు.

"చూశారా వడపోత!" అని గర్జించారు. "అనర్హులు రాలిపోయారు. అర్హులు నిలిచారు. ఈ రాష్ట్రంలో అన్ని పరీక్షలకీ నిలబడ్డ నికార్సయిన లబ్ధిదారుడు, శ్రీ టెస్ట్‌గారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాను!"

ఎవరూ కదల్లేదు. నా మైకు కీచుమంది. మంత్రిగారు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి జనంలోకి వెతుకుతున్నారు. కెమెరాలు కూడా వెతుకుతున్నాయి.

అక్క నా వైపొకసారి చూసింది. లేచి, మెట్లెక్కి, వచ్చి మంత్రిగారి పక్కన నిలబడింది.

"నువ్వేనా అమ్మా టెస్ట్?"

"పుట్టినప్పట్నుంచీ అదేనండీ నా బతుకు," అంది అక్క.

టెస్ట్ అంటే ఏదో వెనకబడ్డ వర్గమని మంత్రిగారికి అర్థమైపోయింది. టెస్ట్ వర్గానికి ఇన్నాళ్ళూ జరిగిన అన్యాయాన్ని తలుచుకుని కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు. తేరుకుని, ఆ వర్గం కోసం ప్రత్యేక కార్పొరేషన్ ఏర్పాటును పరిశీలిస్తానన్నారు. ఆ సాయంత్రమే ప్రతిపక్ష నాయకుడు, టెస్టుల జనాభాని కావాలనే తగ్గించి చూపారని ఆరోపిస్తూ ధర్నాకి పిలుపునిచ్చాడు.

సోమవారం చెప్పినట్టే మార్కెట్ ఆఫీసర్ తాళాలగుత్తితో వచ్చాడు. మంత్రిగారి మాటల్లో ఖచ్చితంగా జరిగేవి ఇలాంటివే. ఒక్కో షట్టరూ దిగింది. రికార్డులో పేరున్న ఒకే ఒక్క టెస్ట్‌గారు కనక, అక్క దుకాణం ముందు మాత్రం ఆగి, వినయంగా లోపలికి తొంగిచూశాడు.

కుట్టు మిషను కింద వాచీలు బాగుచేసేవాడు భూతద్దం పెట్టుకుని కూర్చున్నాడు. గోడ వారన గొడుగులాయన గొడుగులు, బట్టల తాను మీద పాత పుస్తకాలాయన పుస్తకాలు. బల్ల కింద ఇంకెవరివో కాళ్ళు.

"ఎవరమ్మా వీళ్ళంతా?"

అక్క పళ్ళతో దారం కొరుకుతూనే, "మా వర్గం వాళ్ళండీ," అంది.

ఆఫీసర్ వెనక్కి తిరిగి అటూ ఇటూ చూశాడు. లోపలికి ఒక అడుగేసి, తాళాలు చప్పుడు కాకుండా జేబులో వేసుకుని, గొంతు తగ్గించాడు.

"మా ఆవిడ పేరు కూడా మీలో కలుపుకోడానికి వీలవుతుందా అమ్మా?"