పొద్దుగూకని ఊరు

“ఫ్యాను బంద్ చెయ్యమంటే చెయ్యరేంది?”

“నేను మనిషిని. నాకు చెమట పోస్తది. అవి గడ్డి. వాటికి పొయ్యదు.”

“గడ్డి కాదని ఎన్నిసార్లు చెప్పాలె?”

“గడ్డి కాదు, నాచు కాదు, బూజు కాదు. మరేంది?”

“ఎగిరిపోతున్నయి. ముందు బంద్ చెయ్యండి!”

పొద్దున చాయ్ దగ్గర మొదలైన ఈ వాదన మధ్యాహ్నం అన్నం వేళకు కూడా తేలలేదు. ఫ్యాను మాత్రం మా ఆయన చెయ్యి తగిలితే తిరుగుతోంది, నా చెయ్యి తగిలితే ఆగుతోంది.

మా జనగామ ఇంట్లో నేలంతా పాత పేపర్లు, వాటి మీద నేను పాకాల అడవిలో ఏరుకొచ్చిన రాతిపువ్వు. మీరు మాంసం కూర మసాలాలో వేస్తారే, ఆ జాతిదే. బూజు, నాచు కలిసి కాపురం పెడితే అది పుడుతుంది. బూజు ఇల్లు కడుతుంది, నాచు వంట చేస్తుంది. మా ఇంట్లో ఆ రెండు పనులూ నావే కనుక నాకు దాని మీద మొదటి నుంచీ అభిమానం.

నేను ఇక్కడ జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. సెలవుల్లో వరంగల్ వెళ్ళి రాతిపువ్వు మీద పరిశోధన చేస్తాను. కిందటేడు సోవియట్ దేశంలో అణు కరెంటు కేంద్రం పేలింది కదా. ఆ విషధూళి గాలిలో కొట్టుకుపోయి నార్వే దేశపు కొండల మీది రాతిపువ్వు మీద కూడా పడిందట. అక్కడి మంచుదుప్పులు చలికాలమంతా తినేది దాన్నే. మన తండాల్లో ఆవులెట్లాగో అక్కడి కొన్ని పల్లెలకు ఆ దుప్పులు అట్లాగ. పల్లెలకు పల్లెలే దిగాలుపడ్డాయి. ఉత్తరాన, ఆర్కిటిక్ అంచున ఉన్న ఒక యూనివర్సిటీవాళ్ళు రాతిపువ్వు తెలిసినవాళ్ళ కోసం వెతుకుతుంటే మా ప్రొఫెసరుగారు నా పేరు చెప్పారు. రెండు వేసవులు అక్కడ పని. జూన్‌లో పోయి సెప్టెంబరులో రావాలి. ఖర్చంతా వాళ్ళది. నా డాక్టరేటుకు అదే పని సరిపోతుంది. నలభై నిండినవాళ్ళను మాత్రం కొత్తగా తీసుకోరు. నాకు ముప్పై తొమ్మిది.

ప్రొఫెసరుగారు ఆ మాట చెప్పిన రోజు వరంగల్ నుంచి బస్సులో వస్తూ, ఘనపూర్ దాటాక కనిపించే బండల్ని చూస్తూ కూర్చున్నాను. ఎండకు మాడిన ఆ బండల మీద బ్లేడుతో గీకితే నాకు గోరంత దొరుకుతుంది. అక్కడ అదే జాతి తెల్లగా, దూది ఆరబోసినట్టు, కనుచూపు మేర పరుచుకుని ఉంటుందట. అడుగు వేస్తే చీలమండ మునుగుతుందట. ఒక్కసారి చెప్పులు విప్పి అందులో నిలబడాలి. ఇంకేమీ వద్దు. ఆ రోజు నా స్టాపు దాటిపోయి వెనక్కు నడవాల్సి వచ్చింది.

ఇక మా ఆయన సంగతి. రఘునాథ్‌గారు మార్కెట్ కమిటీలో ఉద్యోగి. చెడ్డమనిషి కాదు. ఎవరికీ కాదు, లేదు అని చెప్పలేరు. ‘చూద్దాం’ అంటారు. ఊళ్ళో ఆయన పేరే చూద్దాం రఘునాథ్. పైగా అరవై తొమ్మిదిలో వరంగల్‌లో చదువుకుంటూ తెలంగాణ ఊరేగింపులో పట్టుబడి ఠాణాలో పడుకుని వచ్చారు. అప్పటి నుంచీ హక్కుల మనిషి. అంతటి మనిషికి భార్యను వద్దనడానికి నోరు రాదు. పొమ్మనడానికి మనసు రాదు.

“పొమ్మంటరా, వద్దంటరా?” అని అడిగాను, ఫ్యాను స్విచ్చి మీద చెయ్యి తీయకుండా.

“చూద్దాం.”

“తెలంగాణ గూడ గిట్లనే అడిగిన్రా? ఇస్తే చూద్దాం అనుకుంట?”

“గది వేరే ముచ్చట. వచ్చే ఏడు పోరాదు?”

“వచ్చే ఏడు నాకు నలభై.”

“నలభై అంటే ఎవరు నమ్ముతరు? ముప్పై లెక్క కనబడ్తవు.”

“ఆ ముచ్చట నార్వేవాళ్ళకు చెప్పండి.”

ఆయన చెప్పలేదు. చెప్పాల్సిన వేరేవాళ్ళను వెతుక్కున్నారు. ఆదివారం తొర్రూరు మార్కెట్లో పని ఉందని తెల్లవారకముందే పోయారు. పై ఆదివారం ఇంకేదో పని. ఆ తర్వాత ఒకరోజు చాలా మామూలుగా వాళ్ళమ్మ మాటెత్తారు.

“అవ్వను చూడక శాన రోజులైంది. ఆదివారం రమ్మన్న. అన్న, అక్క గూడ వస్తరు.”

ఆదివారం పొద్దున తానే పోయి మటన్ తెచ్చారు. పెళ్ళయినప్పటి నుంచి మటన్ షాపు ఎటు ఉందో తెలియని మనిషి.

“అమ్మా, నాయిన పంచాయితి పెట్టిస్తున్నడు,” అంది మా అమ్మాయి విమల ఉల్లిగడ్డలు కోస్తూ. పదో తరగతి. నాకంటే చురుకు.

దేవరుప్పుల నుంచి మా బావగారు జగన్మోహన్ జీపులో దిగారు. మండలం ఎలక్షన్లలో నిలబడ్డారు. జీపు ముందూ వెనకా ఆయన ఫోటోలే. వెనక సీట్లో పోస్టర్ల కట్టల నడుమ మా అత్తమ్మ బుచ్చమ్మ. మొగుళ్లపల్లి నుంచి మా ఆడబిడ్డ కమలాదేవి వచ్చింది. ఆమె ఇంట్లో మూడు పూటలా ఒక పంక్తి లేస్తే ఇంకో పంక్తి కూర్చుంటుంది, పొయ్యి ఆరదు.

భోజనాలయ్యాక మా ఆయన గొంతు సవరించుకున్నారు.

“ఊర్మిళ పోతనంటున్నది. నాదేం లేదు. పెద్దలు మీరు. ఎట్లంటే అట్ల.”

అప్పుడు అర్థమైంది నాకు ఆ ఆదివారాల తిరుగుడు. ‘నేనైతే పంపేవాణ్ణే, పెద్దలు ఒప్పలేదు’ అనడానికి పెద్దల్ని తయారు చేసుకొచ్చారన్నమాట.

“ఏమ్మా ఊర్మిళా,” అన్నారు బావగారు, “ఆడ తెల్ల ఎలుగులు తిరుగుతయట గద? తుపాకి లేకుంట గడప దాటనియ్యరట?”

“పాణానికి గ్యారంటీ లేదన్నా,” మా ఆయన గొంతులో ఎంత దిగులు!

“ఎలుగులు సముద్రం అవతలి దీవుల్లో, బావగారూ. నేనుండే చోట లేవు.”

“లేవని ఎవ్వరికి జెప్పకు!” బావగారు కంగారుపడ్డారు. “మా మరదలు తుపాకి పట్టుకొని ఎలుగుల నడుమ చదువుతదని మొన్న మీటింగుల జెప్పిన. ఒకటే చప్పట్లు! నా మీద నిలవడ్డోడు కోడిపుంజుకు భయపడ్తడు.”

“మీటింగుల... చెప్పినవా?”

“సింగరాజుపల్లెల గూడ చెప్పిన. ఫోటో అడుగుతున్నరు. ఇప్పుడు పోకపోతే నా ఇజ్జతేం గావాలె?”

మా ఆయన చప్పున అక్కవైపు తిరిగారు. “అక్కా, తిండి సంగతి నువ్వు చెప్పు.”

“తమ్ముడు చెప్పిండు,” అంది కమలాదేవి వదిన. “ఆడ ఇంట్ల వంట ఉండదట. అందరికి ఒకటే వంటిల్లట. ఎవరో వండుతరట, పోయి తిని ఎవరి పళ్ళెం వాళ్ళు కడుక్కుంటరట.”

“చప్పిడి కూడు! చారు లేదు, తొక్కు లేదు!”

“జర ఆగుర తమ్మీ. ఊర్మిళా, మొగోళ్ళు గూడ కడుక్కుంటరా?”

“కడుక్కుంటరు, వదినా.”

వదిన చేతికున్న మసాలా మరకను కొంగుతో తుడుచుకుంది.

“పొద్దున లేసి, ఇయ్యాల ఏం వండాలె అనుకోకుంట చాయ్ తాగుడు,” అంది నెమ్మదిగా. “జ్వరమొచ్చినప్పుడు గూడ నాకు దొరకలే. ఎట్లుంటదో చూసొచ్చి నాకు చెప్పు.”

మా ఆయన మొహం చూస్తే నాకే జాలేసింది. ఇక మిగిలింది వాళ్ళమ్మ. అత్తమ్మకు శనివారం ఒక్కపొద్దు. సందెదీపం పెట్టనిది మెతుకు ముట్టదు. దాచుకున్న బాణం అదే.

“అవ్వా, ఆడ పొద్దే గూకదు. రెండు నెలలు సూర్యుడు దిగనే దిగడు. ఇంటి కోడలు దీపం ఎప్పుడు పెట్టాలె? శనివారం వస్తే ఉపాసమే గద?”

“నిజమేనా, బిడ్డా?” అత్తమ్మ నన్ను అడిగింది.

“నిజమే, అత్తమ్మా. నడిరాత్రి గూడ ఎండ ఉంటదట.”

అత్తమ్మ గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకుంది. ఎవరి వైపూ చూడకుండా మొదలుపెట్టింది.

“నాకు బతుకంత పొద్దుతోని ఉరుకుడే అయింది. నాట్ల కాడికి పోయినా, కల్లం కాడున్నా పొద్దుగూకుతాంది, పొద్దుగూకుతాంది అనుకుంట ఇంటికి ఉరుకుడు. దీపం పెట్టాలె, బర్రెను కట్టెయ్యాలె, పొయ్యి ముట్టియ్యాలె. పని ఒడిసి తలెత్తితే చీకటి. వెలుతురు ఉండంగ ఉత్తగ కూసున్న రోజు ఒక్కటి గూడ యాదికి రాదు.” ఆగి నన్ను చూసింది. “ఆడ పనైనంక గూడ వెలుతురుంటది గద?”

“ఉంటది.”

“అప్పుడేం చేస్తరు?”

నాకూ తెలియదు. “నడుస్తరేమో, అత్తమ్మా. ఊరికనే.”

“ఊరికనే,” అందామె, నోట్లో వేసుకుని రుచి చూస్తున్నట్టు. “పోయి నడిచి రా బిడ్డా. ఇక్కడి దీపం వీడు పెడ్తడు.”

“నేనా?” అన్నారు మా ఆయన.

“అగ్గిపుల్ల గీసుడు రాదా?”

ఇక ఇల్లు ఇల్లులా లేదు. బావగారు జనగామ స్టేషను దాకా డప్పులతో ఊరేగింపు అంటున్నారు. వదిన పచ్చళ్ళ జాడీలు లెక్కేస్తోంది. విమల వాళ్ళ నాయినకు అన్నం వార్చడం నేర్పే బాధ్యత తనదంటోంది. మా ఆయన మాత్రం తలవంచుకుని చాప పుల్లలు పీకుతున్నారు.

“ఒక్కరన్న వద్దంటరనుకున్న,” అన్నారు చివరికి, పుల్లతో చెబుతున్నట్టు.

“నువ్వే అనకపోయినవుర?” అంది అత్తమ్మ.

“నాకు నోరు రాలే, అవ్వా.”

“ఎందుకు వద్దు మరి?”

ఆయన ఇంకో పుల్ల పీకారు.

“ఆఫీసుకెళ్ళి వస్తే ఇంట్ల ఊర్మిళ ఉండదు గద.”

“గింత దానికా మటన్ పెట్టి మమ్ముల పిలిచినవు!” బావగారు పకపకా నవ్వారు. మా ఆయన కూడా నవ్వబోయారు, సరిగ్గా కుదరలేదు. ఈ మాట ఫ్యాను కింద నాతోనే అని ఉంటే బహుశా ఆగిపోయేదాన్నేమో. తెలియదు.

మళ్ళీ గోల మొదలైంది. ఓట్లు, పచ్చళ్ళు, డప్పులు. ఎవరూ నన్ను మాత్రం అడగలేదు. ఎత్తబోయిన పళ్ళేలు కింద పెట్టి, వాళ్ళ మధ్యే కూర్చున్నాను.

“నాకు భయంగనే ఉన్నది,” అన్నాను.

“ఎలుగులకా?” బావగారు ఆశగా అడిగారు.

“కాదు. అక్కడ నాకు బాగుంటదేమోనని.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. మా ఆయన తలెత్తి చూశారు. ఆయనను చూస్తూనే, క్లాసులో హాజరు పిలిచే గొంతుతో అందరికీ చెప్పాను.

“అయినా పోతున్న. జూన్ల పోత, సెప్టెంబర్ల వస్త. మల్లేడు గూడ పోత.”